రోజుకో పేరు చెప్పే బ్లూ స్క్రీన్: కడప ఎండల్లో ర్యామ్ డైరీ

సోమవారం

సిస్టం మళ్లీ బ్లూ స్క్రీన్ (విండోస్ పడిపోయేటప్పుడు వచ్చే నీలం తెర) ఇచ్చి పడిపోయింది. ఇన్ని దినాలు రీస్టార్ట్ కొట్టి గమ్మున పనిలోకి పోతాంటి, ఇంగ కుదరదు, ముహూర్తాలు ఉండాయి, మైదుకూరు పెళ్లి ఆల్బం సగంలో ఉండాది, స్టూడియో అన్న పొద్దునే ఫోన్ చేసి "ఏం సామీ, యాడికొచ్చె మనది" అంటాండాడు. అందుకే ఇప్పట్నించి ఏది చేసినా ఈడ రాసి పెట్టుకుంటా.

సిస్టం వివరం: ఇంటెల్ ఐ5 10400, హెచ్410 బోర్డు, ర్యామ్ (పని నడిచేటప్పుడు డేటా ఉండే తాత్కాలిక మెమరీ) స్లాట్లు రెండే, రెండిట్లోనూ డీడీఆర్4 8 జీబీ స్టిక్కులు, విండోస్‌కు 500 జీబీ ఎన్‌వీఎంఈ డిస్క్, ఫోటోలకు 4 టీబీ హార్డ్ డిస్క్. ఒక స్టిక్కు సిస్టం కొన్నప్పటిది, రెండోది ఫోటోషాప్‌కు చాలడం లేదని తర్వాత వేసింది. దీంట్లో జరిగేది అంతా ఆల్బం పనే. 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో తెరిస్తే 10800 బై 3600 పిక్సెళ్లు, ఒక్క లేయరే 110 ఎంబీ పైన తింటాది, పది పదైదు లేయర్లు పెట్టినామంటే లెక్క మీరే చూసుకోండి. సిస్టం పడేది కూడా అప్పుడే. యూట్యూబ్ చూసుకుంటా కూర్చుంటే దినమంతా ఏం కాదు.

రాయడం మొదలుపెట్టినాక తెలిసిన మొదటి సంగతి ఏందంటే బ్లూ స్క్రీన్ ఒక్కోసారి ఒక్కో పేరు చెప్తాంది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, ఆ తర్వాత పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, మధ్యలో సిస్టం సర్వీస్ ఎక్సెప్షన్. పడినప్పుడల్లా విండోస్ రాసి పెట్టే మినీడంప్ ఫైళ్లు విండోస్ ఫోల్డర్లోనే మినీడంప్ అనే పేరుతో ఉంటాయి, వాటిని విన్‌డీబీజీలో తెరిచి చూస్తే తప్పు ఎవురిదంటే ఒకదాంట్లో గ్రాఫిక్స్ డ్రైవర్ అంటాది, ఇంకోదాంట్లో ఎన్‌టీఎఫ్ఎస్ (డిస్క్ మీద ఫైళ్లు పెట్టే పద్ధతి) అంటాది, మరోదాంట్లో ఏకంగా విండోస్ కెర్నల్ (విండోస్‌కు గుండె లాంటిది) పేరే పెడతాది. డ్రైవరే చెడ్డదైతే ఎన్నిసార్లు పడినా దాదాపు అదే పేరు రావాల గదా. తలా ఒక పేరు వస్తాందంటే ఆ పేర్లను నమ్ముకోని ఒక్కో డ్రైవరూ మారుస్తా కూర్చోవడం దండగ, వీటన్నిటికీ కింద ఉమ్మడిగా ఏముందో అది చూడాల. ఉమ్మడిగా ఉండేవి కరెంటు, వేడి, ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, డిస్క్. అంతే.

మంగళవారం

ఈడ ఎవుర్ని అడిగినా చెప్పే మొదటి మాట "ఎండ సామీ, ఈ ఎండకు మనుషులే పడిపోతాండారు". నిజమే, ఎర్రముక్కపల్లిలో మా మిద్దె మీది రూం మధ్యాహ్నం కొలిమి. రెండో మాట "కరెంటు లో వోల్టేజీ". రెండూ చూసేద్దామని కూర్చున్యా.

కరెంటు సంగతి ఈవెంట్ వ్యూయర్లో (జరిగిందంతా విండోస్ రాసుకునే చిట్టా) తేలిపోయింది. సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిన ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అనే ఎంట్రీ పడతాది, శానామంది అందులో పవర్ అనే మాట చూసి ఎస్ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు ఇచ్చే డబ్బా) మార్చేస్తారు. దాని డీటెయిల్స్ తెరిచి బగ్‌చెక్ కోడ్ చూడండి. అది సున్నా ఉంటే కరెంటు టక్కున పోయిందనో లేదా సిస్టం బిగుసుకోని మనమే బటన్ నొక్కి ఆపినామనో. సున్నా కాకుండా వేరే నంబర్ ఉంటే విండోస్ పడిపోతా పడిపోతా కారణం రాసుకుందని అర్థం. ఆ నంబర్ డెసిమల్‌లో ఉంటాది, అందుకే నెట్లో వెతికితే దొరకదు: 26 అంటే హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) 1ఏ, మెమరీ మేనేజ్‌మెంట్. 80 అంటే 50, పేజ్ ఫాల్ట్. 10 అంటే ఏ, ఐఆర్‌క్యూఎల్. 59 అంటే 3బీ, సిస్టం సర్వీస్. నా లాగ్‌లో ఈ నాలుగూ ఉండాయి, సున్నా యాడా లేదు. బయాస్‌లో (బోర్డు సెట్టింగుల స్క్రీన్) 12 వోల్టుల లైను 12.1 చూపిస్తాంది (11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు), యూపీఎస్ కూడా ఉండాది, కాబట్టి కరెంటును పక్కన పెట్టినా.

వేడికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే టూల్ పెట్టి ఆల్బం ఎక్స్‌పోర్ట్ చేస్తా చూసినా, ప్రాసెసర్ 80 డిగ్రీలు కూడా దాటలే, దానికి వంద దాకా ఓపిక ఉంటాది. ఇంగ ప్రాసెసర్ వేడి కాదు. అయితే పడిపోయేది మాత్రం ఎక్కువగా మధ్యాహ్నం పూటే, ఇది మాత్రం గుర్తు పెట్టుకున్యా.

బుధవారం

తెలిసిన సర్వీస్ పిల్లోడు వచ్చినాడు. వాడి మందు ఒకటే, ఫార్మాట్. "అన్నా విండోస్ కొట్టేద్దాం, సగం రోగాలు దాంతోనే పోతాయి" అన్నాడు. డేటా వేరే డిస్క్‌లో ఉండాది, పోయేదేముంది కొట్రా అంటే పెన్‌డ్రైవ్ పెట్టినాడు, ఫైళ్లు కాపీ అయితా అయితా మధ్యలో ఎర్రర్ 0ఎక్స్80070570, అంటే ఫైలు చెడిపోయింది అని. వేరే పెన్‌డ్రైవ్ పెట్టినాడు, ఈసారి ఇంకో శాతం దగ్గర అదే ఎర్రర్. అదే పెన్‌డ్రైవ్‌తో మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో బూట్ చేస్తే సెటప్ శుభ్రంగా ముందుకు పోయింది. విండోసే ఎక్కని సిస్టంలో విండోస్‌ను అనుమానించి ఏం లాభం అంటే పిల్లోడు కూడా నవ్వినాడు. రాత్రి చల్లబడినాక మళ్లీ పెడితే ఎక్కింది.

ఫ్రెష్ విండోస్ మీద కూడా మరుసటి మధ్యాహ్నానికి మెమరీ మేనేజ్‌మెంట్.

గురువారం

ఇది అసలైన రోజు. అన్న ఫోన్ చేసి "పెళ్లికూతురు తలంబ్రాల ఫోటో కింద సగం గులాబీ రంగు తిరిగింది, కార్డు చెడిందేమో చూడు" అన్నాడు. ఆ ఫోటో నేను కార్డు నుంచి కాపీ చేసి ఇచ్చిందే. తెరిస్తే పైన బాగుంది, సరిగ్గా ఒక గీత దగ్గర్నుంచి కిందికి రంగు మారిపోయింది. జేపెగ్‌లో ఒక్కో బ్లాకు రంగు విలువ ముందు బ్లాకుతో ఎంత తేడా ఉందో అంతే రాస్తారు, కాబట్టి మధ్యలో ఒక్క బిట్టు తిరగబడినా ఆడ్నించి కిందికి అంతా తప్పే. కార్డు అదృష్టం కొద్దీ ఇంకా ఫార్మాట్ చేయలే, చెల్లెలి ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తే అదే ఫోటో బంగారం. అంటే కార్డు మంచిదే, కెమెరా మంచిదే, నా సిస్టంలోంచి పోయేటప్పుడే చెడింది.

ఇంగ అనుమానం డిస్క్‌ మీదనా ర్యామ్ మీదనా. హార్డ్ డిస్క్‌కు లోపల తప్పులు పట్టుకునే కోడ్ దానికదే ఉంటాది, సెక్టార్ చెడితే మామూలుగా చదవలేకపోతాండా అని చెప్తాది గానీ నిమ్మళంగా తప్పు డేటా ఇచ్చి ఊరుకోవడం అరుదు. మనం కొనే మామూలు ర్యామ్‌కు అట్లాంటి కాపలా ఏమీ లేదు. రాసిందే ఇచ్చినా అనుకుంటాది, ప్రాసెసర్ కూడా అట్లే నమ్ముతాది.

దీనికి ఒక టెస్టు పెట్టినా, ఏ సాఫ్ట్‌వేరూ దించుకోకుండా చేయొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్‌తో ఒకే ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) మళ్లీ మళ్లీ తీయడమే. ఫైలు మారలేదు కాబట్టి ప్రతిసారీ అదే రావాల. ఒక కిటుకు ఏందంటే ఫైలు మన ర్యామ్ కంటే పెద్దది తీసుకోవాల, లేకపోతే విండోస్ మొదటిసారి చదివి క్యాష్‌లో (అంటే ర్యామ్‌లోనే) పెట్టుకున్నదాన్నే మళ్లీ ఇస్తాది, తప్పున్నా అదే తప్పు వచ్చి మనకు అంతా ఒకటే అనిపిస్తాది. నా దగ్గర 28 జీబీ పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ ఒకటి ఉండాది, దానికి హ్యాష్ తీస్తే మొదటి రెండుసార్లు ఒకటే వచ్చింది, తర్వాతిది వేరే వచ్చింది, ఆ తర్వాత మళ్లీ మొదటిదే. ఫైలు డిస్క్ మీద కదలకుండా ఉండాది, హ్యాష్ మాత్రం మారతాంది. డిస్క్ మీద కోపం పోయింది.

శుక్రవారం

విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అని ఒక టూల్ ఉంది గదా, ముందు అదే పెట్టినా. స్టాండర్డ్ టెస్టు, ఏ లోపమూ లేదు అనింది. దాని మాట విని ర్యామ్ బాగుందని వదిలేసేవాళ్లు శానామంది ఉంటారు. స్టాండర్డ్ అనేది పైపైన చూసేది, టెస్టు నడుస్తాండగా ఎఫ్1 నొక్కితే ఎక్స్‌టెండెడ్ ఉంటాది గానీ దానికంటే మెమ్‌టెస్ట్86 ప్లస్ మేలు. క్రిస్ బ్రేడీ అనే ఆయన 1994లో రాసిన మెమ్‌టెస్ట్86 నుంచి వచ్చిందే ఇది, ఉచితం, 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐ (పాత బయాస్ బదులు వచ్చింది) సిస్టంలలో కూడా నేరుగా బూట్ అయితాది. పెన్‌డ్రైవ్‌లో వేసుకోని దాన్నించి బూట్ చేయడమే. విండోస్ లేనప్పుడు నడుస్తాది కాబట్టి దాదాపు ర్యామ్ అంతా దాని చేతిలో ఉంటాది. నేను సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే కాపలా) ఆఫ్ చేయాల్సొచ్చింది. మీ సిస్టంలో బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే సెక్యూర్ బూట్ ముట్టుకునే ముందు రికవరీ కీ దగ్గర పెట్టుకోండి, లేకపోతే ర్యామ్ సంగతి అట్లుంచి డేటా బయట నిలబడతారు.

రాత్రి పడుకునేటప్పుడు పెట్టినా. తెల్లారి లేచి చూస్తే పాస్ మీద పాస్ (ఒక పాస్ అంటే టెస్టు ఒక చుట్టు), ఎర్రర్లు సున్నా. ఒక్క క్షణం మనసు చివుక్కుమనింది. కానీ క్రాష్‌లు మధ్యాహ్నం పూటే గదా. సరే అని రూంలో ఎయిర్ కూలర్ ఆపి, క్యాబినెట్ మూత బిగించి, బయట నలభై మూడు డిగ్రీలు ఉండగా మళ్లీ పెట్టి నేను కిందికి పోయి కారం దోశ తిని వచ్చేసరికి స్క్రీన్ మీద ఎర్ర గీతలు.

ఎండకూ ర్యామ్‌కూ లింకు ఏందంటే, డీర్యామ్‌లో (మన స్టిక్కుల్లో ఉండే ర్యామ్ రకం ఇదే) ఒక్కో బిట్టు ఒక చిన్న కెపాసిటర్లో ఉంటాది, అది అడుగున సన్న చిల్లు పడిన కడవ, పోసిన చార్జి కారిపోతానే ఉంటాది. పూర్తిగా కారకముందే మళ్లీ చదివి నింపాల, దాన్నే రిఫ్రెష్ అంటారు, మామూలుగా 64 మిల్లీసెకన్ల లోపల ప్రతి వరసకూ ఒకసారి అది జరగాల. చిప్పు వేడెక్కే కొద్దీ కారడం పెరుగుతాది, అందుకే 85 డిగ్రీలు దాటితే 32 మిల్లీసెకన్లకే నింపాలని స్టాండర్డ్ ఉంది. మంచి సెల్లు ఎండలో కూడా తట్టుకుంటాది. బలహీనంగా తయారైన సెల్లు రాత్రిపూట గడువు లోపల నెట్టుకొస్తాది, మధ్యాహ్నం దొరికిపోతాది. అందుకే ఈ ఊర్లో ర్యామ్ టెస్టు ఏసీ రూంలో చేసి బాగుందని చెప్తే నేను నమ్మను, సిస్టం ఏ వేడిలో పని చేస్తాదో ఆ వేడిలోనే పెట్టి చూడాల.

ఎర్రర్లు ఎట్లున్నాయో చూస్తే కథ ఇంకా తేటగా ఉండాది. అడ్రస్ ప్రతిసారీ అదే, 11 జీబీ దాటినాక ఒక చోట. ఉండాల్సింది అన్నీ ఎఫ్‌లు, కనిపించింది ఒక చోట ఎఫ్ బదులు బీ. హెక్స్‌లో ఎఫ్ అంటే 1111, బీ అంటే 1011, అంటే ఒక్క బిట్టు ఒకటి నుంచి సున్నా అయింది. ఎప్పుడూ ఒకటి నుంచి సున్నానే, సున్నా నుంచి ఒకటి కాలే. 16 జీబీలో పదమూడు వేల ఏడొందల కోట్ల పైచిలుకు బిట్లుంటాయి, వాటిల్లో ఒక్కటి. ఇంత చిన్నదానికి ఇంత తిప్పలు.

ర్యామ్‌లో బిట్లు ఊరికే కూడా తిరగబడతాయి, 1978లో ఇంటెల్‌లో టిమోతీ మే, మర్రే వుడ్స్ అనే ఇద్దరు చిప్పు ప్యాకేజీలో ఉన్న రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బిట్లను మారుస్తాండాయని కనిపెట్టినారు. కానీ అట్లాంటివి ఒకసారి ఈడ, ఇంకోసారి ఆడ, మళ్లీ అదే చోట రావు. మనది అదే అడ్రస్, అదే బిట్టు. అది చిప్పు లోపమే, రీస్టార్ట్‌తో పోయేది కాదు.

ఆదివారం

ఏ స్టిక్కో తేల్చాల. అడ్రస్ 11 జీబీ దగ్గర ఉంది కాబట్టి రెండో స్టిక్కే అని చెప్పడానికి లేదు, రెండు స్టిక్కులున్నప్పుడు బోర్డు డ్యూయల్ చానల్‌లో అడ్రస్‌లను అటొకటి ఇటొకటి పంచుతాది. ఒక్కోటి విడిగా పెట్టి చూడటమే దారి.

సిస్టం ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్యా (మిగిలిన చార్జి పోతాది), క్యాబినెట్ ఇనుము ముట్టుకోని స్టిక్కులు తీసినా. పాతది ఒక్కటే మొదటి స్లాట్లో: మధ్యాహ్నం ఎండలో కూడా శుభ్రం. అదే రెండో స్లాట్లో: శుభ్రం. తర్వాత వేసిన స్టిక్కు మొదటి స్లాట్లో: ఎర్రర్, అడ్రస్ 5.6 జీబీ దగ్గర, అదే బిట్టు. రెండో స్లాట్లో: అదే అడ్రస్, అదే ఎర్రర్. ఇద్దరికీ చెరిసగం పంచుతాందని చెప్పినా గదా, రెండున్నప్పుడు 11.2 దగ్గర కనిపించింది ఒక్కటున్నప్పుడు 5.6 దగ్గరికి వచ్చింది, లెక్క సరిపోయింది. తప్పు స్టిక్కు వెంట తిరుగుతాంది కాబట్టి స్టిక్కుదే. స్లాట్ వెంట ఉంటే బోర్డును అనుమానించాల, రెండు స్టిక్కులూ అన్ని స్లాట్లలో తప్పు చెప్తే ప్రాసెసర్లో ఉండే మెమరీ కంట్రోలరో వోల్టేజో చూడాల. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ పెట్టి ర్యామ్ స్పీడ్ పెంచుకున్నవాళ్లు ముందు అది ఆపి చూడండి. ఈ హెచ్410 బోర్డు ఈ ప్రాసెసర్‌తో ర్యామ్ స్పీడ్ 2666 దాటనీయదు కాబట్టి నాకు ఆ గొడవ లేదు.

సర్వీస్ పిల్లోడు వచ్చి "రబ్బర్‌తో రుద్దినావా అన్నా" అని అడిగినాడు. ఇది మన దగ్గర సర్వరోగ నివారిణి, ఊరికే ఎగతాళి చేయడానికి లేదు, బంగారు పూత పళ్ల మీద మడ్డి పట్టి కాంటాక్ట్ సరిగా లేకపోతే రుద్దితే నిజంగానే పని చేస్తాది, ఈ దుమ్ములో ఇంకానూ. రుద్దినాం, పొట్టు బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టక్కుమని క్లిప్పు పడేదాకా నొక్కి మళ్లీ టెస్టు పెట్టినాం. అదే అడ్రస్, అదే బిట్టు. కాంటాక్ట్ సమస్య అయితే ఇంత పద్ధతిగా ఒకే బిట్టు దగ్గర ఉండదు, చిందరవందరగా ఎర్రర్లు వస్తాయి, లేకపోతే బోర్డు బీప్ కొట్టి అసలు ఆన్ కాదు.

సోమవారం

షాపుకు పోయినా. స్టిక్కు మీద సీరియల్ నంబర్ స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉండాది, బిల్లు కూడా ఉండాది. ర్యామ్ కంపెనీలు శానావరకు పదేళ్లో లైఫ్‌టైమో వారంటీ ఇస్తాయి, అది తెలియక చెడిన స్టిక్కు డబ్బాలో పడేసి కొత్తది కొనేవాళ్లను చూసినా. షాపాయన ముందు తన సిస్టంలో పెట్టి ఆన్ అయింది గదా బాగానే ఉందన్నాడు. ఆయనది ఏసీ రూం. ఫోన్లో మెమ్‌టెస్ట్ స్క్రీన్ ఫోటోలు, రెండు స్లాట్లలో తీసినవి చూపించినాక మారుమాట్లాడకుండా తీసుకున్నాడు. కొత్తది వచ్చేదాకా ఒక్క 8 జీబీతో నడపాల.

ఆ స్టిక్కు ఇయ్యకముందు ఇంకో దారి కూడా చూసినా. విండోస్‌లో బీసీడీఎడిట్‌తో బ్యాడ్ మెమరీ లిస్ట్ అని పెట్టొచ్చు, చెడిన అడ్రస్ హెక్స్‌లో రాసి చివరి మూడు అంకెలు తీసేస్తే పేజీ నంబర్ వస్తాది (పేజీ 4096 బైట్లు కాబట్టి), అది ఇస్తే విండోస్ ఆ పేజీ జోలికి పోదు. లైనక్స్‌లో అయితే దాన్ని బూట్ చేసే గ్రబ్‌లో బ్యాడ్‌ర్యామ్ అని ఉంటాది. అడ్రస్ మాత్రం ఏ అమరికలో వాడతామో ఆ అమరికలో తీసిందే ఇవ్వాల, ఒంటి స్టిక్కు అడ్రస్ ఇచ్చి రెండు పెడితే పనికిరాదు. గేములాడుకునే పిల్లోడికి ఇది చాలు. ఇంకొకరి పెళ్లి ఫోటోలు చేతిలో పెట్టుకోని నేను చేయను, ఈ రోజు ఒక సెల్లు బలహీనం, రేపు పక్క సెల్లు కాదని ఎవురు చెప్పొచ్చినారు.

పిల్లోడు అడిగినాడు సర్వర్లలో ఎట్లన్నా మరి అని. వాటిల్లో ఈసీసీ ర్యామ్ ఉంటాది, 64 బిట్లకు ఇంకో 8 బిట్లు కాపలా, ఒక బిట్టు తప్పితే దిద్దుతాది, రెండు తప్పితే కనీసం చెప్తాది. ఐ5 10400కు ఆ సపోర్టే లేదు. డీడీఆర్5లో ఈసీసీ ఉందంటారు గానీ అది చిప్పు లోపల వరకే, చిప్పు నుంచి ప్రాసెసర్‌కు పోయే దారిలో కాపలా లేదు.

తర్వాతి వారం

కొత్త స్టిక్కు వచ్చింది. పెట్టిన వెంటనే ఫోటోషాప్ తెరవకుండా మధ్యాహ్నం, కూలర్ ఆపి, మెమ్‌టెస్ట్ సాయంత్రం దాకా. సున్నా. 28 జీబీ ఫైలు హ్యాష్ తీసిన ప్రతిసారీ ఒకటే. పది లేయర్ల షీట్లు వరసగా ఎక్స్‌పోర్ట్ పెట్టినా, ఈవెంట్ వ్యూయర్ ఖాళీ.

అన్నకు చెప్తే "అయిపోయింది గదా, ఇంగ పని చూడు" అన్నాడు. అయిపోలేదు. క్రాష్ అయితే కనీసం తెలుస్తాది. రెండో స్టిక్కు ఎప్పట్నించి చెడిందో గానీ అప్పట్నించి ఈ సిస్టంలోంచి కాపీ అయిన ప్రతి ఫోటో మీదా అనుమానమే, పైగా బ్యాకప్ డిస్క్‌కు కాపీ చేసింది కూడా ఇదే సిస్టం, అంటే ఒరిజినల్, బ్యాకప్ రెండూ ఒకే చెడ్డ ర్యామ్‌లోంచి పోయినవే. రెండు కాపీలూ ఒకటే ఉండాయా అని పోల్చి చూసినా సరిపోదు, మొదటిదే తప్పుగా దిగి ఉంటే రెండోది ఆ తప్పుకు నకలు.

ఇప్పుడు ఆ పని నడస్తాంది. వీడియోలకు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే టూల్‌తో ఏమీ రాయకుండా మొదటి నుంచి చివరి దాకా డీకోడ్ మాత్రం చేయించి ఎర్రర్లు ఒక ఫైల్లోకి తీస్తాండా. జిప్ చేసి పంపినవి సుళువు, జిప్‌లో సీఆర్‌సీ (తప్పు పట్టుకునే లెక్క) ఉంటాది, 7-జిప్‌లో టెస్ట్ నొక్కితే చెప్తాది. జేపెగ్‌కు అట్లాంటి చెక్‌సమ్ లేదు, డీకోడ్ అయినా రంగు తిరిగినవి కంటితోనే పట్టాల, అడోబీ బ్రిడ్జ్‌లో థంబ్‌నెయిళ్లు కొత్తగా తయారు చేయించి దొర్లిస్తాండా, గులాబీ పట్టీలు, ఆకుపచ్చ పట్టీలు టక్కున కనపడతాయి. ఇంతవరకు దొరికినవి తక్కువే, వాటిల్లో కొన్ని రెండో కెమెరా అబ్బాయి తన ల్యాప్‌టాప్‌లో నేరుగా దించుకున్న కాపీలనుంచి వచ్చేసినాయి. ప్రొద్దుటూరు పెళ్లివి మాత్రం కార్డు ఫార్మాట్ అయిపోయింది, అందులో తాళి కట్టేటప్పటి ఫోటో ఒకటి కింద పావు వంతు ఆకుపచ్చ. అదే క్షణంలో తీసిన పక్క ఫ్రేం బాగుంది, ఆల్బంలో అది పెట్టినా. రెండో బ్యాకప్ డిస్క్ ఇంకా తెరవలే, మైదుకూరు షీట్లు ప్రింటుకు పోయినాక దాని పని పడతా.